ఎండురొయ్యపై విచారణ

మానవజాతి చరిత్రలో ఎండురొయ్యకు దక్కవలసిన స్థానాన్ని చరిత్రకారులు ఇంతవరకూ గుర్తించలేదు. గుడివాడలో భానుమతిగారు గుర్తించారు.

ఆ ఉదయం అయిదు నెలల మనవడి మోకాళ్ళ వెనుక తామర మళ్ళీ ఎర్రబడింది. గోక్కోవడం రాని వయసు. కాళ్ళు పక్కబట్టకేసి రుద్దుకుని ఏడుస్తున్నాడు.

పసివాడి చేత పథ్యం చేయించలేరు గనుక, చల్లపల్లి వైద్యుడు ఆ భారాన్ని శాస్త్రోక్తంగా తల్లికి బదిలీ చేశాడు. చింతపండు, వంకాయ, గోంగూర, చేప, రొయ్య సమస్తమూ నిషిద్ధం. పాతబియ్యపు అన్నానికి, పొట్లకాయకు, చప్పటి పెసరకట్టుకు మాత్రం ప్రవేశార్హత ఉంది. రెండో నెల నుంచీ కోడలు అనూష ఆ రాజ్యాంగం కిందే బతుకుతోంది. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

వంటింటి గుమ్మంలో విచారణ మొదలైంది.

“మొన్న బందరులో మీ పుట్టింట్లో ఏం తిన్నావమ్మాయ్?”

“పెసరకట్టేనండి అత్తయ్యగారూ.”

“నా మొహం చూసి చెప్పు.”

అనూష చూడలేకపోయింది. “చింతచిగురు కూరలో ఒక్క ఎండురొయ్య. చిన్నదేనండి. నాన్న ముద్ద కలిపి నోట్లో పెట్టారు.”

“రొయ్య చిన్నదేనంట. పాపం కూడా చిన్నదేననుకుంది కాబోలు. తల్లి తిన్నదే బిడ్డకి దిగుద్దని ఎన్నిసార్లు చెప్పాను? విన్నావంట్రా చైతన్యా, ఈవిడగారి నాలుకకి పసోడి తోలు ఊడుతోంది.”

కాలేజీలో జంతుశాస్త్రం బోధించే కృష్ణచైతన్య పేపరు మడిచాడు. “అమ్మ చెప్పేదాంట్లో లాజిక్ ఉంది అనూ. నువ్వు కంట్రోల్‌లో లేకపోతే వాడికెట్లా తగ్గుద్ది?”

“అది కాదండీ, ఇప్పుడు బాబు...”

“బాబు సంగతి నేను చూసుకుంటా. నీ నోటి సంగతి నువ్వు చూసుకో,” అన్నారు అత్తగారు.

తీర్పు వెలువడింది. అన్నప్రాసన దాకా పుట్టింటి గడప తొక్కరాదు. రాత్రిపూట అన్నం రద్దు; మిరియాల చారు నీళ్ళు తాగవచ్చు. జంతుశాస్త్రం కళ్ళజోడు తుడుచుకుని ఆమోదించింది. అనూష తల వంచుకుంది. బిడ్డను కాల్చింది తన నాలుకేనేమోనని చివరికి ఆమెకూ అనిపించింది.

లోపల పసివాడు ఆకలికి గుక్కపట్టాడు.

భానుమతిగారు వాణ్ణి చంకనేసుకుని, పథ్యం పట్టిన నెలకే కోడలికి పాలు ఇంకిపోయిన నాటి నుంచీ రోజూ చేస్తున్నట్టే, సీసాలో డబ్బాపాలు కలిపారు.