కనపడని సరుకు

“పెద్ద హాలే తీసుకో,” అన్నాడు భర్త, గిన్నెలు తోముతూ. “పేపరువాళ్లనీ పిలు. అందరూ వినాలి.”

“అందరూ ఎందుకండీ, ఆ ముసలాయన వింటే చాలు. మొదటి వరసలో కూర్చోబెట్టి కడిగి పారేస్తాను,” అంది ఆమె.

ఆ ముసలాయన ఒకప్పుడు ఆమె గైడు. గెలాక్సీల అంచుల్లో నక్షత్రాలు తిరగాల్సినదానికన్నా జోరుగా తిరుగుతుంటాయి. కంటికి కనపడని కృష్ణ పదార్థమేదో వాటిని పట్టి లాగుతోందని లోకమంతా అంటుంది. కనపడని సరుకూ లేదు, చట్టుబండలూ లేవు, అంత దూరాన గురుత్వాకర్షణ సూత్రమే మారిపోతుందని ఆమె థీసిస్ రాసింది. “వంటింట్లో పుట్టిన సిద్ధాంతంలా ఉందమ్మా!” అని గైడు నిండు సభలో నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ ఒంటికి కారం రాసినట్టు మండుతూనే ఉంది.

నిజానికి అది పుట్టింది వంటింట్లోనే. పెళ్లయిన కొత్తలో, ఇదే సింకు దగ్గర, మొగుడూ పెళ్లాలు వాదించుకుంటుంటే. ఎవరు ముందన్నారో ఇప్పుడెవరికి గుర్తు? థీసిస్ మీద మాత్రం ఒక్క పేరే పడింది. భర్త పల్లెత్తు మాట అనలేదు. పరిశోధన మానేసి, ఆమె పనిచేసే అబ్జర్వేటరీలోనే కంప్యూటర్లు చూసుకుంటున్నాడు. బంగారంలాంటి మనిషి.

ఇన్నేళ్లకి ఆ సూత్రానికి అచ్చుగుద్దినట్టు సరిపోయే గెలాక్సీ ఆమెకి దొరికింది.

సభకి ముందు ముసలాయన వరండాలో ఆపాడు. “తొందరపడకమ్మా. మన ఆనవాయితీ తెలుసుగా?”

తెలీకేం! లెక్కలు కట్టేవాళ్లు ఒళ్లు దగ్గరపెట్టుకుని పనిచెయ్యాలని, కంప్యూటర్లో అసలు గెలాక్సీల లెక్కల మధ్య, కల్పించిన దొంగ గెలాక్సీని ఒకదాన్ని గుట్టుగా కలుపుతారు. కలిపిందెవరో డైరెక్టరుకి తప్ప తెలీదు. ఆయన నోరు విప్పకూడదు. ప్రకటించిన గెలాక్సీ దొంగదైతే, దాన్ని కలిపినవాళ్లే హాల్లో లేచి నిలబడాలి.

“నా సూత్రం పట్టుకుని దొంగ గెలాక్సీ అల్లగల మొనగాడు ఈ బిల్డింగులో ఎవడున్నాడు సార్? మీకే అర్థం కాలేదుగా!”

ముసలాయన ముఖం మాడిపోయింది. ఆమె కడుపు చల్లబడింది.

హాలు కిక్కిరిసింది. చివరి బొమ్మ తెర మీద పడగానే ఆమె మొదటి వరసకేసి తిరిగింది. “వంటింటి సిద్ధాంతం సార్! ఏదీ, ఇప్పుడు నవ్వండి!”

చప్పట్లు మారుమోగాయి. ముసలాయన తల దించుకున్నాడు.

“లేవాల్సినవాళ్లు ఎవరైనా ఉన్నారా?” ఎప్పటిలాగే అడిగాడు డైరెక్టరు.

ఆమె కళ్లు ముసలాయన మీదే ఉన్నాయి. ఆయన కదల్లేదు. అమ్మయ్య, తీరింది కసి!

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది.

ఆమె భర్త లేచి నిలబడ్డాడు.