ముందు వరుసలో మనిషి

"మీరు కాస్త వెనక్కి వెళ్ళి నిలబడతారా?"

మాస్టారు మెల్లగానే అడిగాడు. కానీ కసరత్తు చేస్తున్న అందరికీ వినపడింది.

ఆ వ్యాయామశాలకు వీధివైపు గోడంతా అద్దమే. దారిన పోయేవాళ్ళకు లోపల జరిగేదంతా కనపడుతుంది. అందుకే ఒళ్ళు తగ్గి నాజూగ్గా తయారైనవాళ్ళను ముందు వరుసలో నిలబెట్టడం మాస్టారి పద్ధతి. వేరే బోర్డు ఎందుకు, వాళ్ళే ఆయన బోర్డు!

సరిగ్గా ఆ వరుసలోకే రోజూ వచ్చి నిలబడేవాడు ఈ మనిషి. ఒక మనిషి అనడానికి లేదు, ఇద్దరి పెట్టు. చాటున అందరూ 'భీముడు' అనేవారు. చెయ్యెత్తితే ఆయాసం, వంగితే చెమట. నెలలు గడిచినా ఒళ్ళు తగ్గకపోగా, ముఖం మరింత ఉబ్బింది.

"ఇక్కడే ఉంటాను మాస్టారూ. ఈ చోటు నాకు అచ్చొచ్చింది," అన్నాడు భీముడు నవ్వుతూ.

మాస్టారికి ఒళ్ళు మండింది. మూతపడబోయిన శాల ఈ మధ్యనే నిండుతోంది. అంతా తన ముందు వరుస మహిమేనని ఆయన నమ్మకం. దానికి ఈ మనిషి దిష్టిబొమ్మలా తగిలాడు.

"ఉన్నమాట చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. మిమ్మల్ని చూస్తే, ఇక్కడికొస్తే ఎవరూ తగ్గరనుకుంటారు. నా పొట్ట కొట్టకండి."

భీముడి నవ్వు ఆగిపోయింది.

"వెనక నిలబడేటట్టయితే నేను రావడం దండగ మాస్టారూ."

తువ్వాలు భుజాన వేసుకుని, తలుపు పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగాడు. మళ్ళీ రాలేదు.

పీడ విరగడైంది అనుకున్నాడు మాస్టారు. ముందు వరుస చూడముచ్చటగా ఉంది.

కానీ కొత్తగా చేరేవాళ్ళు తగ్గారు. లావుపాటివాళ్ళు మెట్ల దాకా వచ్చి, అద్దంలోంచి ఆ సన్నటి నడుములను చూసి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగేవారు. కారణం తెలియక మాస్టారు తన జాతకాన్ని తిట్టుకున్నాడు.

ఒక ఉదయం ఒకావిడ వచ్చింది. ఆవిడా భారీ మనిషే.

"చేరదామని వచ్చానండీ. మా అన్నయ్య ఇక్కడికే వచ్చేవాడు. ముందు వరుసలో నిలబడేవాడు."

మాస్టారు తడబడ్డాడు. "ఆయన... మానేశారమ్మా. బాగున్నారా?"

"పోయాడండీ. తలలో గడ్డ."

మాస్టారు బెంచీ మీద కూలబడ్డాడు.

"నాతో ఒక్క మాటైనా అనలేదమ్మా!"

"మమ్మల్నీ ఎవరితోనూ అననిచ్చేవాడు కాదు. ఒకసారి తీస్తే మళ్ళీ పెరిగింది. ఈసారి కత్తి పెట్టలేమన్నారు. వాపు తగ్గడానికి ఇచ్చిన మాత్రలతో ఉన్న ఒళ్ళు ఇంకా పెరిగింది."

"లావుంటే తలలో గడ్డలొస్తాయా?"

"డాక్టరుగారిని నేనూ అదే అడిగాను. లావున్నవాళ్ళందరికీ రాదట, సన్నగా ఉన్నవాళ్ళకీ వస్తుందట. కానీ ఈ రకం గడ్డ మాత్రం మాలాంటివాళ్ళలో కాస్త ఎక్కువట. అన్నయ్యకు అందుకే వచ్చిందని చెప్పలేమన్నారు. అయినా ఆ మాట అన్నయ్య మనసులో నాటుకుపోయింది."

తన నోటితో అన్న మాటలు మాస్టారికే ములుకుల్లా తగిలాయి.

"తగ్గితే నయమవుతుందని ఆశపడ్డారా, పాపం?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"తగ్గినా తనకు ఒరిగేదేమీ లేదని తెలుసండీ. ఒళ్ళున్నవాళ్ళకు ఇలాంటి చోటికి రావాలంటే సిగ్గు కదా, తనంత లావు మనిషి ముందు కనపడితే 'ఈయన కన్నా మనమే నయం' అనుకుని నలుగురు ధైర్యంగా లోపలికి వస్తారని, ఓపిక లేకపోయినా లేచి వచ్చేవాడు."