షావుకారు ఒట్టు

"ఒట్టేసి చెప్పండి షావుకారు గారూ. ఇవి ఒరిజినలేనా?"

కౌంటరు మీద నాలుగు పెట్టెలున్నాయి. లారీ ముందు చక్రాల హబ్ బేరింగులు, లోపలివి రెండు, బయటివి రెండు. మేస్త్రి ఒక పెట్టె విప్పి, బేరింగును అరచేతిలో పెట్టుకుని వేలితో తిప్పి, చెవి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఒట్టు. ఒరిజినల్ కాకపోతే చెప్పు తీసుకుని కొట్టు," అన్నాడు షావుకారు నలుగురికీ వినపడేలా. మధ్యాహ్నం వేళ కొట్టు నిండా మెకానిక్కులూ డ్రైవర్లూ ఉన్నారు. "ముప్ఫై ఏళ్ళ వ్యాపారం నాది. కళ్ళు మూసుకుని బిగించు."

గుమ్మం పక్కన టైర్ల దొంతర చాటున నిలబడ్డ మేస్త్రి వదినకి ఒళ్ళు మండింది. షావుకారు మీద కాదు, ఆ బేరింగును తిప్పుతున్న చేతుల మీద.

మూడేళ్ళ కిందట ఆమె భర్త లారీకి ముందు చక్రాలు బిగించింది ఆ చేతులే. బిగించిన తొమ్మిదో రోజు, కొండ దిగుతుండగా ఎడమ చక్రం ఊడిపోయింది. లారీ లోయలో పడింది. విచారణకి వచ్చిన ఆఫీసరుతో ఈ షావుకారే చెప్పాడు, "నా సరుకు బంగారమండీ. నట్టు అతిగా బిగించి బేరింగు మాడ్చేశాడు వీడు," అని. తమ్ముడే అన్నని పొట్టన పెట్టుకున్నాడని వీధంతా కోడై కూసింది. ఆ రోజు నుంచి ఆమె మరిదిని గడప తొక్కనివ్వలేదు. సీటు కవర్లు కుట్టుకుంటూ బతికింది. మిషను తొక్కినప్పుడల్లా ఆ చేతులు పడిపోవాలని శపించింది.

నిన్న అతను కుట్టు కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"రేపు మధ్యాహ్నం షావుకారు కొట్టుకి రా వదినా. ఏం మాట్లాడకు, విను చాలు. ఆ తర్వాత జన్మలో నా మొహం చూడకపోయినా సరే."

ఎందుకో వచ్చింది. వచ్చినందుకు తనని తానే తిట్టుకుంటోంది.

"పై అరలో ఇంకో రకం ఉన్నట్టుందే?" మేస్త్రి గాజు బీరువా వైపు చూశాడు.

"అవీ ఇవీ ఒకటే. పెట్టె రంగు తేడా, అంతే."

"అయితే ఇవే తీసుకుంటా. ఒరిజినల్ అని కాగితం మీద రాసి సంతకం పెట్టండి."

షావుకారు చకచకా రాసిచ్చాడు. "ఇంతకీ ఎవరి బండికి?"

"మీ అల్లుడిదే."

షావుకారు నవ్వు సగంలో ఆగింది.

"ముందు చక్రాలు మోత పెడుతున్నాయని నా షెడ్డుకి తెచ్చాడు. మీ అమ్మాయీ, మనవరాలూ కూడా బండిలోనే ఉన్నారు. చీకటి పడేలోగా కొండ దాటాలని తొందర పెడుతున్నారు."

"ఆగు మేస్త్రీ. పై అరలోవి ఇస్తా ఉండు."

"రెండూ ఒకటేగా?"

"ఒకటే అనుకో... అవి కొత్తగా వచ్చాయి."

"మీరు ఒట్టేశాక ఇంకా అనుమానమెందుకు?" మేస్త్రి నాలుగు పెట్టెలూ సంచిలో వేసుకుని గుమ్మం వైపు తిరిగాడు.

షావుకారు గబగబా అల్లుడికి ఫోన్ కలిపాడు. అది మోగి మోగి ఆగిపోయింది.

వదినకి అప్పుడు అర్థమైంది. ఆ సరుకు నకిలీది, మూడేళ్ళ కిందటిదీ అదే. మరిది అన్న చావుకి బదులు తీర్చుకోబోతున్నాడు! ఒక్క క్షణం ఆమె కడుపు చల్లబడింది. చావనీ, కన్నకూతురు లోయలో పడితేగానీ తెలియదు వీడికి, అనుకుంది. మరుక్షణం కాబిన్లో కూర్చున్న పసిపిల్ల మనసులో మెదిలింది. అనుకున్న మాటకి తనకే భయమేసింది.

ఈలోగా షావుకారు కౌంటరు దాటి ఒక్క ఉరుకున వచ్చి మేస్త్రి కాళ్ళు చుట్టేశాడు.

"బిగించకు నాయనా! డూప్లికేట్లవి! నెల తిరక్కుండా పగిలిపోతాయి!"

కొట్టులో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు.

"మా అన్న బండికి ఇచ్చినవో?"

"అవీ ఇవే... నీ తప్పేం లేదు. నా కక్కుర్తే. నన్నేమైనా చెయ్యి, నా బిడ్డని మాత్రం కాపాడు."

ఒక ముసలి డ్రైవరు ముందుకొచ్చి షావుకారు కాలరు పట్టుకుని పైకి లేపాడు. "పోయిన నెల నా కొడుకు బండికి కూడా నీ దగ్గరే కొన్నాం కదరా!" జనం చుట్టుముట్టారు. ఎవరో అప్పుడే ఆఫీసరుకి ఫోన్ చేస్తున్నారు.

వదిన జనాన్ని తోసుకుంటూ వచ్చింది. గ్రీజు మరకలతో నల్లబడ్డ మరిది చేతులు రెండూ పట్టుకుంది. మూడేళ్ళుగా తను శపించిన చేతులవి.

"నన్ను క్షమించు," అంది. "వీడి సంగతి వీళ్ళు చూసుకుంటారు. పద, ముందు నీ షెడ్డుకెళ్ళి ఆ తల్లినీ పిల్లనీ బండి దింపేద్దాం."

మేస్త్రి ఆమె వైపు చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"వాళ్ళ లారీ అసలు నా షెడ్డుకి రానే లేదు వదినా."