అయిదు మార్కులు

పోటీలో కప్పు చేజారిన రోజున ఆమె మొదట హెల్మెట్ విసిరికొట్టింది. తర్వాత నోరు చేసుకుంది.

"ఎవరయ్యా నువ్వు? నా బండి మీద చెయ్యెందుకు వేశావు?"

ఎదురుగా ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. మోచెయ్యి చెక్కుకుపోయి రక్తం కారుతోంది. ఆయన గొడుగు బండి చక్రం కింద పడి వంగిపోయింది.

"దెబ్బేం తగల్లేదు కదమ్మా?" అన్నాడు.

"తగిలింది. అయిదు మార్కుల దెబ్బ!"

గొడుగుని కాలితో పక్కకి తన్నింది.

వారమంతా ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. ఆదివారాలు సీటు లేని మోటారుసైకిల్ ఎక్కుతుంది. కూర్చుని చేసే ఉద్యోగానికి విరుగుడుగా నించుని తొక్కే బండి కొనుక్కుందని తమ్ముడి వేళాకోళం. ఆ బండి విప్పడం, బిగించడం తమ్ముడి పని.

ఈ పోటీలో వేగంతో పనిలేదు. రాళ్ళ మీంచి, దుంగల మీంచి, కాలు కింద పెట్టకుండా బండిని దాటించాలి. కాలు ఆనించిన ప్రతిసారీ ఒక మార్కు పోతుంది. పడితే అయిదు పోతాయి. బయటివాళ్ళు బండిని ముట్టుకున్నా అయిదే.

మూడేళ్ళుగా ఆమెది రెండో స్థానం. ఆ రోజు మాత్రం ఆఖరి రాయి దగ్గరికి వచ్చేదాకా ఒక్క మార్కూ పోలేదు.

నిలువెత్తు రాయి. ముందు చక్రం పైకెక్కింది. అంతలో బండి ఒక్కసారిగా ఎగిరి వెనక్కి ఒరిగింది. జనాన్ని ఆపే తాడు దాటి దూకిన పెద్దాయన హ్యాండిల్ అందుకుని పక్కకి లాగేశాడు. ఆమె ఒకవైపు పడింది. బండి ఒకవైపు పడింది.

జడ్జి పిడికిలి బిగించి పైకెత్తాడు. పిడికిలి అంటే అయిదు.

"పడినా అయిదే కదక్కా," అన్నాడు తమ్ముడు మెల్లగా.

"నేను పడేదాన్ని కాదు!"

ఆ పెద్దాయన వాళ్ళకి కొత్తేమీ కాదు. ప్రతి పోటీకీ వస్తాడు. ఎవరితోనూ మాట్లాడడు. ఎప్పుడూ ఆ ఒక్క రాయి దగ్గరే నిలబడతాడు. అందరూ గొడుగాయన అంటారు. రాయితో పాటు ఆయన్ని కూడా అక్కడే పాతి ఉంటారని తమ్ముడు ఒకసారి నవ్వించాడు.

ఆమె నేరుగా నిర్వాహకుల గదికి వెళ్ళింది.

"ఇంకోసారి ఆయన ఈ మైదానంలో కనబడితే నేను అడుగుపెట్టను. ఇప్పుడే తేల్చండి."

తేల్చారు. ఇక రావద్దని ఆమె ఎదుటే ఆయనకి చెప్పారు.

గొడుగాయన సరేనన్నట్టు తలూపి వెళ్ళిపోయాడు. వంగిన గొడుగు అక్కడే ఉండిపోయింది. తమ్ముడు దాన్ని బండితో పాటు ఇంటికి తెచ్చాడు.

బండి మీద కోపంతో రెండు వారాలు దాని మొహం చూడలేదామె. మూడో వారం తమ్ముడు దాన్ని విప్పాడు.

"అక్కా, ఇలా రా."

యాక్సిలరేటర్ తీగ చేతిలో పెట్టాడు. రెండు పోగులు తెగి పైకి లేచి ఉన్నాయి.

"ఇవి గొట్టంలో ఇరుక్కున్నాయి. నువ్వు వదిలినా ఇంజను వదల్లేదు. అందుకే ఎగిరింది."

"ముందే మార్చి ఏడవచ్చుగా!"

"మారుస్తానంటే వద్దన్నదెవరు? చేతికి అలవాటైన తీగ, కప్పు అయ్యాక చూద్దామన్నావు."

ఆమె తీగని వేళ్ళ మధ్య తిప్పింది.

"ఆయన లాగకపోతే?"

"కింద రాయి. మధ్యన నువ్వు. పైన బండి."

ఆమె తీగని మూలకి విసిరేసింది.

"అయితే ఆ మాట చెప్పొచ్చుగా! నోరు లేదా మనిషికి? నేనన్ని తిడుతుంటే చెట్టులా నిలబడ్డాడు!"

తమ్ముడు గొడుగు తీసి వంగిన ఊచ సరిచెయ్యడం మొదలుపెట్టాడు.

తర్వాతి పోటీకి ఆమె బండి తీసుకెళ్ళలేదు. గొడుగు తీసుకెళ్ళింది. రాయి దగ్గర జడ్జి ఒక్కడే ఉన్నాడు.

"గొడుగాయన రాలేదా సార్?"

"రావద్దన్నది నువ్వే కదమ్మా."

"ఆయన నన్ను కాపాడాడు. మీరు దగ్గరే ఉన్నారు, చూశారు. అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పనిచ్చావా?"

ఆమె గొడుగు పైకెత్తి చూపించింది.

"ఇల్లెక్కడో చెప్పండి. వెళ్తాను."

"రైలు గేటు వెనక ఉండేవాడు. ఖాళీ చేసేశాడు. ఎటు వెళ్ళాడో అక్కడ ఎవరికీ తెలీదు, నేనూ అడిగొచ్చాను. ఈ మైదానం కోసమే ఇన్నాళ్ళూ ఈ ఊళ్ళో ఉన్నాడు."

"మైదానం కోసమా? ఆయన బండెక్కడం నేనెప్పుడూ చూడలేదే."

"ఆయన కాదు. వాళ్ళబ్బాయి."

జడ్జి రాయి మీద చెయ్యి వేశాడు.

"నువ్వింకా ఈ ఆటలోకి రాని రోజులు. ఇక్కడే బండి వెనక్కి తిరగబడి ఆ అబ్బాయి పోయాడు. అది ఒరిగేటప్పుడు తండ్రి పక్కనే ఉన్నాడు. పట్టుకుందామని చెయ్యి చాచాడు. 'ముట్టుకోకు నాన్నా, అయిదు పోతాయి' అని అరిచాడు అబ్బాయి."

"ఆయన?"

"కొడుకు మాట విన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు."

గొడుగు ఇప్పుడు స్కూలు బస్సులో, డ్రైవరు సీటు వెనక ఉంది.

ఇంకా ఇవ్వలేదు.