లేసు రెక్కల పురుగులు

దొడ్డి వెనక కొండవాలు మీద, ముళ్లపొద పక్కన డబ్బా పట్టుకుని కూర్చున్న పెద్దాయన్ని ముందుగా చూసింది ఆవు.

తర్వాత పాలావిడ చూసింది. ఆవిడ నోరు విప్పితే ఎగిరే కాకి కూడా దారి మార్చుకుంటుందని వీధిలో చెప్పుకుంటారు.

“ఏం పెద్దాయనా, ఇక్కడేం పని?”

“పురుగులు వదులుతున్నానమ్మా.”

“లోకమంతా పురుగుల్ని చంపలేక చస్తుంటే, నువ్వు పెంచి పంచుతున్నావా?”

ఆయన మూత కొంచెం తీసి చూపించాడు. నువ్వుగింజంత పురుగులు. రెక్కలు సన్నని లేసు అల్లినట్టున్నాయి.

“ఇవి ఈ ముళ్లపొద తప్ప ఇంకో ఆకు ముట్టవమ్మా.”

“పురుగులకి పథ్యం పెట్టావా? పక్కనే నా వంగమడి ఉంది.”

నిజానికి ఆ పొదంటే ఆవిడకీ పడదు. రంగురంగుల పూలు పూస్తూనే వాలంతా ఆక్రమించి గడ్డిని మింగేసింది. దాని ఆకు తిన్నందుకే పెద్దావు చచ్చిపోయింది. మిగిలిన ఒక్క ఆవుకీ మేత లేదు, అమ్మేద్దామని రోజూ మొగుడి పోరు.

“ఈ కంప నాటినవాడి చేతులు పడిపోను,” అంది అలవాటుగా.

“తగిన తిట్టేనమ్మా.”

“నా తిట్టుకి నీ వత్తాసేంటి?”

డబ్బాని ఒక్క తన్ను తన్నింది. అది పొద నడిమధ్య పడి తెరుచుకుంది.

పెద్దాయన నవ్వాడు. “అంత లోపలికి నేను విసరలేకపోయాను తల్లీ. మేలు చేశావు.”

ఆ తర్వాత ఆయన మళ్లీ కనపడలేదు.

వానలు వెలిశాక పొద ఆకులు తెల్లబారి రాలడం మొదలుపెట్టాయి. మరుసటి ఏడాదికి కంప ఎండిపోయి, ఆవు నిలబడితే కొమ్ములు మాత్రమే కనపడేంత గడ్డి లేచింది. అని పాలావిడే చెబుతుంది మరి. వంగమొక్క మీద ఒక్క పురుగూ వాలలేదు. అమ్మేద్దామన్న మొగుడే ఇప్పుడు ఆవుకి నీళ్లు పెట్టాక గానీ తన కాఫీ తాగడం లేదు.

చిక్కటి పాలు చెంబు నిండా పోసుకుని, వాళ్లనీ వీళ్లనీ అడిగి, ఆయన ఇల్లు పట్టుకుంది పాలావిడ.

ఆయన కూతురు తలుపు తీసింది, చెంబు చూసి పాలావిడని పోల్చుకుంది.

“నాన్న పోయిన నెలే పోయారక్కా.”

పాలావిడ గడప దగ్గరే ఆగింది. చెంబు ముందుకు చాపింది.

“ఆయనకి ఇష్టమేనా అమ్మా, పాలు?”

“ప్రాణం. మీ పెద్దావు పోయిందని విన్న రోజు నుంచీ చుక్క ముట్టలేదు.”

చెంబు అందుకుని, కూతురు నెమ్మదిగా అంది.

“తోటమాలిగా ఉన్న రోజుల్లో, పూలు బాగున్నాయని ఆ కంప మొదటి కొమ్మ తెచ్చి మీ వాలు మీద నాటింది నాన్నే.”