అరంగుళం తేడా

“అన్నయ్యా, ఇది ఎగరదు. ఒకవేళ ఎగిరినా, గుండ్రంగా ఓ చుట్టు తిరిగొచ్చి మళ్లీ నీ ఒళ్లోనే వాలుతుంది.”

టీచరమ్మ ఆ మాట అనగానే బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లంతా పకపకా నవ్వారు. దర్జీ నవ్వలేదు. నొచ్చుకోనూ లేదు. సూదిని చొక్కా జేబుకి గుచ్చుకుని, తన గుడ్డ సీతాకోకచిలుకను బుద్ధిగా వెనక్కి తీసుకున్నాడు. అది అలా తిరిగిరావడం మూడోసారి.

ఆసుపత్రి పక్క హాల్లో నెల రోజులుగా ఇదే పని. పోయినవాళ్ల గుర్తుగా, వాళ్లు వేసుకున్న బట్టతోనే ఇంట్లోవాళ్లు ఒక సీతాకోకచిలుకను కుట్టాలి. రేపు పొద్దున్నే వాటన్నిటినీ ఆసుపత్రి ముందు గోడ మీద తీగలకు కడతారు. చూడవచ్చినవాళ్లు ఇచ్చే విరాళం మంచాన పడ్డ రోగుల సేవకు వెళ్తుంది.

వచ్చిన ప్రతిదాన్నీ పరీక్షించేది టీచరమ్మే. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పి ఆవిడ రిటైరైంది గానీ, ఆవిడ చేతిలో స్కేలు ఇంకా రిటైర్ కాలేదు. రెక్కలు మడిస్తే అంచుకి అంచు కలవాలి. లేకపోతే తీగ మీద ఓ పక్కకి ఒరిగిపోతుంది కాబట్టి, నిర్దాక్షిణ్యంగా వెనక్కే. పోస్ట్‌మాన్ కుట్టింది అచ్చం గబ్బిలంలా ఉన్నా, రెక్కలు సమానంగా ఉన్నాయని పాసైపోయింది. ఆ సంగతి అతను వీధి వీధికీ ఉత్తరాలతో పాటు పంచుతూ తిరుగుతున్నాడు.

అలాంటిది, ఊరందరికీ బట్టలు కుట్టిన దర్జీ ఫెయిలవడమా! చిత్రమేమిటంటే, నా అన్నవాళ్లు లేకుండా పోయినవాళ్ల కోసం ఇదే మనిషి పన్నెండు కుట్టిచ్చాడు. పన్నెండింటిలోనూ నూలుపోగు తేడా లేదు. భార్య పేరున కుట్టేదానికి మాత్రం ప్రతిసారీ కుడి రెక్క పైన అరంగుళం తక్కువ.

“పన్నెండింటికి లేని తెగులు దీనికెందుకొచ్చింది అన్నయ్యా? వదిన లేదు కదా, తిట్టేవాళ్లెవరని ధీమానా?”

“ఆవిడ బట్ట మీద కత్తెర పెడితే చెయ్యి అలాగే పోతుంది చెల్లెమ్మా” అన్నాడు దర్జీ, తల వంచుకునే.

టీచరమ్మ చూపు తిప్పుకుంది. బల్ల మీద వదిన ఫొటో ఉంది. దర్జీ కుట్టిన నీలం గౌనులో, నిటారుగా. రెండు భుజాలూ స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. ఆ గౌను బట్టే ఇప్పుడు సీతాకోకచిలుకైంది.

బతికినన్నాళ్లూ మొగుడు కుట్టింది తప్ప వేసుకోలేదు మహాతల్లి. ఒకసారి పుట్టినరోజుకని టీచరమ్మ ఎంతో ముచ్చటపడి స్వెట్టర్ కొనిస్తే, రెండో రోజే తెచ్చి మొహాన కొట్టినంత పని చేసింది. “కుడి పక్కకి జారిపోతోందే! ఈ షాపులవాళ్లకి కొలతలు తెలిసి చస్తేగా? వచ్చి మా ఆయన దగ్గర నేర్చుకోమను!” టీచరమ్మ వారం రోజులు మూతి ముడుచుకు కూర్చుంది. ఎనిమిదో రోజున ఆ వదినే వచ్చి గడ్డం పట్టుకుంటే నవ్వేసింది.

ఇప్పుడు ఆ గడ్డం పట్టుకునే మనిషి లేదు. రేపు గోడ మీద అందరివీ ఉండి, వదినది లేకపోతే తను తట్టుకోలేదు. అలాగని ఒక్కరికి రూలు సడలిస్తే పోస్ట్‌మాన్ ఊరుకుంటాడా?

పాపం, ఇంకేం లేదు, కళ్లలో నీళ్లుంటే గుడ్డ మీద గీత కనబడదు, అనుకుంది టీచరమ్మ. పైకి అంటే పెద్దాయన పరువు పోతుంది. పక్కనున్న ఆసుపత్రి నర్సమ్మకి కనుసైగ చేసింది. నర్సమ్మ అందరినీ టీ తాగుదాం రమ్మని వరండాలోకి తోలుకుపోయింది.

“ఇటివ్వు” అంది టీచరమ్మ, కత్తెర అందుకుని. “ఎడమ రెక్క పైన ఓ అరంగుళం తీసేస్తే రెండూ సమానం. నేనే దిద్దుతాను. ఎవరికీ చెప్పన్లే.”

దర్జీ చటుక్కున ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. అంత నెమ్మదస్తుడు అలా పట్టుకునేసరికి టీచరమ్మ బిత్తరపోయింది.

“కత్తెర పెట్టకు చెల్లెమ్మా. పాడైపోతుంది.”

“ఇంకా పాడయ్యేదేముంది అన్నయ్యా? చూపు ఆనడం లేదని ఒప్పుకోవడానికి ఇంత మొండితనమా? వదినకి ఇలా వంకరదే కడతావా రేపు?”

దర్జీ లేచి వెళ్లి వరండా తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత, వినకూడనివాళ్లు ఇంకా ఒకరు మిగిలిపోయారన్నట్టు, బల్ల మీద భార్య ఫొటోను మెల్లగా బోర్లా పెట్టాడు.

టీచరమ్మ చెవి దగ్గరికి వంగి, గొంతు బాగా తగ్గించి అన్నాడు:

“కొలత తప్పలేదు చెల్లెమ్మా, మీ వదిన కుడి భుజం అరంగుళం కిందికుండేది, ముప్ఫై ఎనిమిదేళ్లూ ఆ సంగతి ఆవిడక్కూడా తెలీకుండా కుట్టాను.”