అమ్మ ఎంచుకున్న మనిషి

1911 చెరుకు కోతల్లో రోజంతా పొలంలోనే ఉండాలి. అందుకని మంచాన ఉన్న తల్లిని చూసుకోవడానికి నూకాలు మనిషి కోసం వెతికింది.

వచ్చిన ఇద్దరినీ అమ్మ వద్దంది. ఒకామె చేతులు మోటువట, రెండో ఆమె నోరు మంచిది కాదట. మూడో మనిషి బంగారమ్మ, వాళ్లుండే లెస్కాలియే ఊళ్లోనే పక్క వీధి ఆవిడ. ఆమెతో తలుపేసుకుని కాసేపు మాట్లాడి, "ఈవిడ చాలు" అంది అమ్మ.

నూకాలు ఊపిరి పీల్చుకుంది. రెండేళ్ల కిందట ట్రియోలే ఊరి అబ్బాయితో తనకు సంబంధం కుదిరిన వారమే అమ్మ కాళ్లు పడిపోయాయి. ఇక పెళ్లి వద్దని నూకాలే కబురు పంపింది. అతను ఏడాది చూసి వేరే పిల్లను చేసుకున్నాడు.

ఒకరోజు వాన ముంచెత్తితే కూలీల మీద పెత్తనం చేసే సర్దారు కోత ఆపి మధ్యాహ్నమే అందరినీ పంపేశాడు. నూకాలు గుమ్మంలోకి వచ్చేసరికి అమ్మ పొయ్యి దగ్గర నిలబడి కూర కలుపుతోంది. బంగారమ్మ పీట మీద కూర్చుని చూస్తోంది.

"ఎన్నాళ్ల నుంచి?" అని నూకాలు బంగారమ్మనే అడిగింది.

"కాళ్లు ఏనాడూ పోలేదంట. నీకు సెప్పనని ఒట్టేయించుకున్నాకే నన్ను ఉండమంది."

అమ్మ తల తిప్పలేదు. "నువ్వు ట్రియోలే ఎల్లిపోతే నాకెవలున్నారే?"

"నిన్నూ తీసుకెల్దారని ఆయన్ని ఒప్పించానమ్మా," అంది నూకాలు. "ఆ మాట సెప్పుదారని ఇంటికొచ్చేసరికి నువ్వు కింద పడున్నావు. నడవలేని మనిషిని ఆయన నెత్తిన పెట్టలేక, నేనే ఒద్దన్నాను."